యాస ఒక్కటే సాలదు

ఈ సంచికకు నచ్చిన సినిమా మీద రాయమని అడిగిండ్రు. నచ్చిన సినిమాలంటే నా దగ్గర పెద్ద లిస్టే ఉంది. ఫస్ట్ డే ఫస్ట్ షో చూడకపోతే తిన్నది అరగని బ్యాచ్ మాది. కానీ ఆ లిస్టు మీ అందరి దగ్గరా ఉంటది, దాని మీద రాసి లాభం లేదు. నచ్చిన సినిమా వేరు, నాది అనిపించిన సినిమా వేరు. ఈ రెండో లిస్టు చాలా చిన్నది. అందులో ఉన్నవి మూడే: బలగం, మల్లేశం, పత్తేమారి. మూడోది మలయాళం. మా కోరుట్ల ఇండ్ల గురించి అంత బాగా తెలిసిన సినిమా మలయాళంలో ఉండుడేంది అని మీకు అనుమానం రావాలె. నేను రాసేది దాని గురించే.

నా మాట ముందే చెప్తా. తెలంగాణ యాస తెర మీదికి వచ్చింది, సంతోషం. కానీ యాస వచ్చినంత మాత్రాన మన బతుకు వచ్చినట్టు కాదు. ఇంట్లోకి పైసలు ఎక్కడి నుంచి వస్తయి, మిత్తి ఎవరికి కట్టాలె, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఇంటికి దూరంగా ఉన్నది ఎవరు? ఈ లెక్క తెలిసిన సినిమానే మన సినిమా. లెక్క తెలియకపోతే ఎన్ని 'గిట్ల'లు, 'గట్ల'లు పెట్టినా అది పరాయి సినిమానే.

యాస ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వచ్చింది

మన అమ్మానాన్నల కాలంలో పెద్ద సినిమాల్లో తెలంగాణ యాస ఎక్కువగా ఇద్దరి నోట్లోనే వినిపించేది. ఒకడు విలన్ పక్కన తిరిగే రౌడీ, ఇంకొకడు నవ్వించే పనోడు. హీరో ఏ ఊరోడైనా సరే, మాట మాత్రం 'శుద్ధంగా' ఉండాలె. దీనికి ఎదురుగా నిలబడ్డ సినిమాలు లేవని కాదు. 1980లో గౌతమ్ ఘోష్ 'మా భూమి' వచ్చింది. దాని నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి'కి అర్చన జాతీయ ఉత్తమ నటి అయింది. కానీ కమర్షియల్ సినిమా ఆ దారిన పోలేదు.

మారింది మన కళ్ల ముందే. 2016లో 'పెళ్ళిచూపులు'లో హైదరాబాద్ పోరగాళ్లు ఇంట్లో మాట్లాడినట్టే తెర మీద మాట్లాడిండ్రు. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ భానుమతి హీరోయిన్. ఆ వేషం వేసిన సాయిపల్లవిది తమిళనాడు. అయినా తన గొంతుతోనే ఆ మాటలు చెప్పి మెప్పించింది. ఇగ 2023 మార్చి గురించి చెప్పనే అవసరం లేదు. 3వ తారీఖున బలగం, 30న సింగరేణి బొగ్గు నేపథ్యంలో దసరా. మధ్యలో ట్రిపులార్ పాటకు ఆస్కార్. ఆ పాట రాసిన చంద్రబోస్‌ది మన ఓరుగల్లు దిక్కు ఊరే.

దీని తర్వాత ఏమైందంటే, యాస ఒక మసాలా ప్యాకెట్ అయింది. ట్రైలర్‌లో ఒక కల్లు దుకాణం, ఒక దావత్ పాట, నాలుగు బూతులు, ఒక 'ఏందిర భై' ఉంటే తెలంగాణ సినిమా అయిపోయినట్టే. ఒకప్పుడు యాస పెట్టి నవ్విచ్చిండ్రు, ఇప్పుడు యాస పెట్టి అమ్ముతుండ్రు. రెండింటికీ పెద్ద తేడా కనిపిస్తలేదు నాకు.

నల్లిబొక్క తెలిసిన డైరెక్టర్

బలగం ఎందుకు వేరే అంటే, అది యాస కోసం తీసిన సినిమా కాదు. డైరెక్టర్ వేణు ఎల్దండిది సిరిసిల్ల. ఏండ్ల తరబడి చిన్నచిన్న కామెడీ వేషాలేసిన మనిషి. నవ్వించే పనోడి వేషానికి అలవాటు పడ్డ ఆ మనిషే తిరిగి తన ఇంటి కథ పట్టుకొచ్చిండు.

కథ మీకందరికీ తెలుసు. కొమురయ్య అనే ముసలాయన చనిపోతడు. మనవడు సాయిలుకు అప్పులున్నయి. కట్నం పైసలు వస్తే తీర్చుకుందామని పెండ్లి కుదుర్చుకున్నడు. ఇంట్లో చావు వచ్చింది, పెండ్లి ఆగింది. దినాల్లో పిట్ట ముడ్తలేదు. ఆ ఇంటి అల్లునికి, బావమరిదికి ఇరవై ఏండ్లుగా మాటల్లేవు. కారణం ఏంది? దావత్‌లో నల్లిబొక్క వెయ్యలేదని.

బయటోళ్లకు ఇది జోకు. మనకు జోకు కాదు. మన దిక్కు ఆస్తి పంచాయితీలు పెద్దమనుషుల దగ్గర ఒక్క పూటలో తెగుతయి. కూర వడ్డించిన పంచాయితీలు తెగవు. బొక్క మీద కొట్లాట బొక్క కోసం కాదు, ఇంటల్లునికి మర్యాద కోసం అని తెలిసినోడే ఆ సీన్ రాయగలడు. సాయిలు ఏడ్వాల్సిన చోట అప్పు గురించి ఆలోచించుడు కూడా అంతే. చావింట్లో కూడా మిత్తి ఆగదు. ఇదే నేను చెప్పే లెక్క.

ఆఖర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ వచ్చి పాడుతుంటే థియేటర్ మొత్తం ఏడ్చింది. తర్వాత ఊర్లకు ఊర్లు తెర కట్టుకొని, వాకిట్లో చాపలేసుకొని ఈ సినిమా చూసినయి. ఏండ్ల కింద విడిపోయిన అన్నదమ్ములు కలిసిండ్రని పేపర్లలో వచ్చింది. పాటలు రాసిన కాసర్ల శ్యామ్‌కు ఇందులో పల్లెటూరి మీద రాసిన పాటకే జాతీయ అవార్డు వచ్చింది.

నాకు మాత్రం ఏడుపు ఆఖరి పాట దాకా ఆగలేదు, మూడొద్దుల సీన్‌కే వచ్చింది. దానికి కారణం ఉంది. మా తాత పోయినప్పుడు బాపు దమ్మామ్‌లో ఉన్నడు. సెలవు దొరకాలె, ఎగ్జిట్ రీఎంట్రీ కాయితం చేతికి రావాలె, టికెట్ కావాలె. ఎంత ఉరికినా నాలుగైదు రోజులు. పీనుగను అన్ని రోజులు పెట్టుకోలేరు కదా. కాక తలకొరివి పెట్టిండు. మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు నేను ఫోన్ పట్టుకొని నిలబడ్డ, ఐమోలో బాపు. పిట్ట రాలేదు. గంట గడిచినా రాలేదు. "పెద్దకొడుకు కోసం సూస్తున్నడు" అని ఒక ముసలామె అన్నది. ఆ మాట ఫోన్‌లో బాపుకు వినపడ్డదో లేదో ఇప్పటిదాకా నేను అడగలే. అప్పుడే సిగ్నల్ పోయింది. తర్వాత పిట్ట ముట్టింది. నేను వాయిస్ మెసేజ్ పెట్టిన.

బలగం ఓటీటీలోకి వచ్చినంక బాపు తన రూంవాళ్లతో కూర్చొని ఫోన్‌లోనే చూసిండు. ఎట్లుందని అడిగితే ఆయన చెప్పిన రివ్యూ ఒక్కటే మాట: "మస్తుందిర. గాని రాలేనోడు ఒక్కడు లేడు అండ్ల."

నేను చదివిన బలగం రివ్యూలు ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. బలగం ముగింపు అంత బాగుండడానికి కారణం పదకొండో రోజుకు అందరూ ఆ వాకిట్లో ఉండుడు. మా దిక్కు చాలా ఇండ్లల్లో ఆ వాకిలి నిండదు. బలగం మంచి సినిమా కాబట్టే, అది ఎక్కడ ఆగిందో నాకు కనపడింది.

మల్లేశం: ఇంజనీరింగ్ క్లాసులో చెప్పని సంగతి

రెండో సినిమా మల్లేశం. 2019లో వచ్చింది, రాజ్ ఆర్ డైరెక్టర్, ప్రియదర్శి హీరో. చింతకింది మల్లేశం అసలు కథ మనలో చాలామందికి సెమినార్ పాయింట్‌గా తెలుసు: ఆరో తరగతితో చదువాపిండు, ఆసు మిషన్ చేసిండు, 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమా చూస్తే తెలిసేది వేరే.

పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు నూలును ఆసు పోయాలె. ఒక దిక్కు మొలకు, ఇంకో దిక్కు వరుసగా ఉన్న మొలలకు మధ్య దారాన్ని చేతితో అటూ ఇటూ తిప్పుకుంటూ పోవాలె. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు తిరుగుతది. భుజం పోతది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆ పిల్లగాడు మిషన్ మొదలుపెట్టిండు. ఏడేండ్లు పట్టింది. అప్పులైనయి, ఊరంతా పిచ్చోడన్నది. ఆఖరి చిక్కు విడింది హైదరాబాద్‌లో కూలిపనికి పోయినప్పుడు, వేరే మిషన్ కదలిక చూసి. అట్ల 1999లో పూర్తయిన మిషన్‌కు తల్లి పేరే పెట్టిండు, లక్ష్మి ఆసు యంత్రం అని.

మన ప్రాజెక్టులకు 'ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్' ఎక్కడి నుంచి వస్తది? సీనియర్ల పాత రిపోర్టు నుంచి, లేకపోతే యూట్యూబ్ నుంచి. మల్లేశంకు అది వాళ్లమ్మ భుజం నుంచి వచ్చింది. ఈ సినిమాను ఇన్‌స్పిరేషన్ వీడియో లెక్క చూసి చప్పట్లు కొట్టి మరిచిపోతే నష్టం మనకే.

నాకు ఇంకో ప్రశ్న కూడా తగిలింది. మా అమ్మ బీడీలు చేస్తది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఎటు పోయినా వాడకట్టుల్లో ఈ పని కనపడ్తది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. ఆకు కత్తిరించుడు, తంబాకు నింపుడు, చుట్టుడు, ముడుసుడు, దారం కట్టుడు. వెయ్యి బీడీలంటే ఇదంతా వెయ్యి సార్లు. మెడ వంచే ఉండాలె, తంబాకు దుమ్ము పీలుస్తనే ఉండాలె. మల్లేశం చూసినంక మెకానికల్ స్టూడెంట్‌గా నాకు వచ్చిన మొదటి ఆలోచన: బీడీ మిషన్ ఎందుకు చెయ్యొద్దు?

అమ్మను అడిగిన. "మిషన్ జేస్తె మాకేం పనుంటది బిడ్డా?" అన్నది.

ఆసు మిషన్ నొప్పిని తీసుకుపోయింది, పనిని మిగిల్చింది. చీర నేసేది మళ్లీ ఆ ఇంటోళ్లే. బీడీ మిషన్ వస్తే నొప్పితో పాటు పని కూడా పోతది. ఆ పనితో వచ్చే పీఎఫ్, ఆ పని చూపించి తీసుకునే పింఛన్ కూడా పోతయి. చేతిపని మిషన్ పాలైతే ఏమైతదో సిరిసిల్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అక్కడ మగ్గం పోయి సాంచలు వచ్చినయి. ఆర్డర్ ఉంటే సాంచ నడుస్తది, లేకపోతే ఇల్లు ఆగుతది. ఏ మిషన్ ఎవరి చేతికి పోతదన్నది మన సిలబస్‌లో లేని చాప్టర్. ఆ చాప్టర్ నాకు ఒక సినిమా, ఒక చాట కలిసి చెప్పినయి.

మా కథ మలయాళంలో ఎందుకుంది

ఇప్పుడు మూడో సినిమా. మా దిక్కు ఏ దేశం పోయినా 'దుబాయి పోయిండు' అనే అంటరు. మస్కట్ పోయినా, కువైట్ పోయినా, దమ్మామ్ పోయినా దుబాయే. అంతకుముందు బొంబాయి, భీవండి, షోలాపూర్, సూరత్ పోయేటోళ్లు. ఆ బొంబాయి బస్సే తర్వాత ఎయిర్‌పోర్టు దాకా పొడుగైంది. ఈ ప్రయాణానికి ఒక లెక్క ఉంటది. వీసాకు ఏజెంటుకు కట్టిన పైసలు, వాటి మీద మిత్తి. మొదటి ఏడాది, ఏడాదిన్నర జీతం ఆ మిత్తికి, అసలుకే. తర్వాత చెల్లె పెండ్లి. తర్వాత స్లాబు. స్లాబు పడేసరికి పిల్లల ఫీజులు. వచ్చేద్దామనుకున్నప్పుడల్లా ఇంకొక్క రెండేండ్లు.

పత్తేమారి అంటే తెరచాప పడవ. 2015లో సలీం అహ్మద్ తీసిండు, మమ్ముట్టి హీరో. ఆ ఏడాది ఉత్తమ మలయాళ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. విమానాలు ఇంతగా లేని కాలంలో దొంగతనంగా పడవెక్కి గల్ఫ్ పోయిన నారాయణన్ అనే మనిషి కథ. బతుకంతా అక్కడే గడుస్తది. మధ్యమధ్యలో ఇంటికి వస్తడు, చుట్టంలాగ. ఇల్లు కట్టిస్తడు, ఆ ఇంట్లో ఉండే యోగం మాత్రం లేదు. హాస్టల్ రూంలో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూసిన. సగం మాటలు చదవకుండనే అర్థమైనయి. 'ఇంకొక్క రెండేండ్లు' ఏ భాషలో చెప్పినా ఒక్కతీరుగనే ఉంటది.

మలయాళీలకు ఈ కథ ఒక్కసారి చెప్పి ఊరుకోవడం తెల్వదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి బస్సు కొన్నోడి తిప్పలు 1989లోనే 'వరవేల్పు'లో మోహన్‌లాల్‌తో చెప్పిండ్రు. ఇండ్లల్లో పనికి పోయిన ఆడమనిషి గోస 2011లో 'గద్దామ'లో చెప్పిండ్రు. 2024లో బ్లెస్సీ 'ఆడు జీవితం' తెలుగులో కూడా వచ్చింది. ఎడారిలో మేకల మధ్య ఇరుక్కుపోయిన నజీబ్‌ను చూసి మనోళ్లు "అబ్బ, ఏం యాక్టింగ్" అన్నరు. అటువంటి వార్తలు మన జిల్లా పేజీలో ఎన్నిసార్లు వచ్చినయో గుర్తు చేసుకోండి.

తెలుగులో అసలు లేవా అంటే, 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి 'గల్ఫ్' తీసిండు. ప్రయత్నం చేసినందుకు ఆయనకు దండం. కానీ ఒక్క సినిమాతో తీరే కథా ఇది? సిరిసిల్ల దిక్కు అయిదుగురు ఒక కేసులో పద్దెనిమిదేండ్లు దుబాయి జైల్లో ఉండి 2024 మొదట్లో ఇంటికి చేరిండ్రు. పోయినప్పుడు చిన్నగున్న పిల్లలు, వచ్చేసరికి పెండ్లీడు దాటిండ్రు. ఇది కథ కాదా? గల్ఫ్‌లో చనిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తమని అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం జీవో తీసింది. ప్రభుత్వం కాయితంలోకి ఎక్కిన మనిషి మన తెర మీదికి ఇంకా సరిగ్గా ఎక్కలేదు.

ఇంట్లో ఉన్న బాధ సాలదా?

మా రూమ్మేట్ వాదన ఇది: "ఇంట్లో ఉన్న బాధ సాలదారా, టికెట్ కొనుక్కొని మళ్లీ చూడాల్నా? సినిమా అంటే విజిలెయ్యాలె." వాని మాట కొట్టిపారెయ్యను. వారమంతా రెక్కలు ముక్కలు చేసుకున్నోడు ఆదివారం మూడు గంటలు అన్నీ మరిచిపోవాలనుకోవడంలో తప్పేం లేదు. నేనూ విజిలేస్త.

కానీ నేను బాధనే చూపించమంటలేను. బలగం సగం దాకా నవ్విస్తనే ఉంటది, చావింట్లో! దుబాయి ఇండ్లల్లో కూడా నవ్వు తక్కువేం లేదు. బాపు వచ్చినప్పుడు తాడుతో కట్టిన అట్టడబ్బా విప్పుడు చూసిండ్రా ఎప్పుడన్నా? వాడకట్టు మొత్తం చుట్టూ కూసుంటది. టైగర్ బామ్ ఎవరికి, సెంటు బుడ్డి ఎవరికి, పెద్ద పూల దుప్పటి మేనత్తకా, చిన్నవ్వకా? ఖర్జూర పండ్లు లెక్కపెట్టి పంచాలె. ఒక్క టార్చిలైటు తక్కువ పడితే పదేండ్ల పంచాయితీ. నల్లిబొక్కకు ఏమాత్రం తీసిపోదు. అయితే డబ్బాలో ఏముంటదో తెలిసినోడు రాస్తేనే అది తెర మీద నవ్వు పుట్టిస్తది.

మలయాళ సినిమాకు ఇది ఎట్ల సాధ్యమైందో కూడా చూడాలె. ఆడు జీవితం ముందు నవల. 2008లో వచ్చింది. రాసిన బెన్యామిన్ బహ్రెయిన్‌లో ఏండ్ల తరబడి పనిచేసిన మనిషి. అంటే సినిమాకు ముందు పుస్తకం ఉంది, పుస్తకానికి ముందు ఆ రూంలో పడుకున్న మనిషి ఉన్నడు. బలగం సిరిసిల్ల మనిషే తీయాల్సి వచ్చింది. మన ఇంటి లెక్క తెలిసిన మనిషి పెన్ను పట్టుకోకపోతే, హైదరాబాద్ ఆఫీసులో కూసున్న రైటర్‌ను తిట్టి లాభం లేదు. వాళ్లు యాస నేర్చుకోగలరు, ట్యూటర్‌ను పెట్టుకోగలరు. మిత్తి లెక్క ఎవరు నేర్పుతరు?

అందుకే ఈ వ్యాసం డైరెక్టర్లకు రాస్తలేను, మీకు రాస్తున్న. మన కాలేజీలో ఎంతమందికి ఫీజు గల్ఫ్ నుంచి వస్తదో ఎవరికి వాళ్లకే తెలుసు. ఎవరూ పైకి చెప్పరు. అడిగితే 'డాడీ ఫారిన్‌లో ఉంటడు' అని మాట దాటేస్తరు. ఆ దాటేసిన మాటలోనే కథ ఉంది. అందరూ సినిమా తియ్యక్కర్లేదు. ఈ సెలవుల్లో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఇంట్లో ఒక్క మనిషిని గంటసేపు మాట్లాడించండి. మొదటిసారి పోయినప్పుడు ఎంత అప్పు, రూంలో ఎంతమంది, వంట ఎవరిది, జ్వరమొస్తే ఏం చేసేటోళ్లు, ఇంట్లో చావు కబురు ఎవరు చెప్పిండ్రు? తిరిగొచ్చినోళ్లను అడగండి, పోకుండా ఇక్కడే ఇల్లు నడిపిన ఆడవాళ్లను ఇంకా ఎక్కువ అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాయండి. తెలుగు క్లబ్ ఎడిటర్లకు నాదొక విన్నపం: వచ్చే సంచికలో దీనికి నాలుగు పేజీలు పెట్టండి. మొదటి పేజీ నేను రాస్త. బాపు మొన్న ఫోన్ చేసినప్పుడు అడిగిన, చెప్తవా అని. "శుక్రవారం సెలవుంటది, చెయ్యి" అన్నడు.